ఆపరేషన్ థియేటర్ పాఠాలు – 6: లోకల్ మత్తు ఎక్కువై గుండె ఆగితే

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క చూద్దాం. 50 కేజీల మనిషికి చేతి నరాల బ్లాక్ (నరాల చుట్టూ మందిచ్చి చేతిని మొద్దుబార్చడం) కోసం 0.5 శాతం బుపివకెయిన్ అనే లోకల్ మత్తుమందు ఎంతవరకు ఇవ్వొచ్చు? కేజీకి 2 మిల్లీగ్రాముల చొప్పున 100 మిల్లీగ్రాములు. ఒక మి.లీ.లో 5 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి 20 మి.లీ. ఆ తర్వాత సర్జన్ గారు కుట్ల దగ్గర లిగ్నోకెయిన్ అనే ఇంకో లోకల్ మత్తుమందు అడిగితే? "అది వేరే మందు కదా" అని దాని హద్దు దానికి కట్టకూడదు. రెండింటి విషప్రభావం ఒకదానికొకటి కలుస్తుంది. బ్లాక్‌కే హద్దంతా అయిపోయింది, ఇక ఇవ్వడానికి లేదు.

ఇక్కడ లెక్క తప్పకపోయినా ప్రమాదం రావచ్చు. సూది రక్తనాళంలోకి దిగితే తక్కువ మందే చాలు. నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు, ఫిట్స్ అంటూ మెట్లు మెట్లుగా రావాలని కూడా లేదు. ఒక్కోసారి నేరుగా గుండె దగ్గరే మొదలవుతుంది.

బుపివకెయిన్‌కే ఎందుకింత భయం? గుండె కణాల్లో విద్యుత్ సంకేతం పుట్టించే సోడియం ద్వారాలను ఈ మందులన్నీ మూస్తాయి. లిగ్నోకెయిన్ త్వరగా వదిలేస్తుంది, బుపివకెయిన్ ఒక పట్టాన వదలదు. 1979లో అమెరికాలో జార్జ్ ఆల్‌బ్రైట్ అనే మత్తు డాక్టర్ ఈ ప్రమాదం గురించి గట్టిగా హెచ్చరించాడు. మత్తుమందు ముందు ఊపిరిని ఆపుతుందా, గుండెనా అన్న వాదం మనకూ పాతదే. 1888, 1889లో నిజాం డబ్బుతో హైదరాబాద్‌లో ఆ కాలపు మత్తుమందు క్లోరోఫామ్‌ను పరీక్షించే రెండు కమిషన్లు కూర్చుని, ఊపిరే అని తేల్చాయి. క్లోరోఫామ్ గుండెనూ నేరుగా ఆపగలదని తర్వాత రుజువైంది.

సరే, బ్లాక్ ఇస్తుండగా రోగి నాడి అందడం లేదనుకోండి. ఇంజెక్షన్ ఆపండి. సాయానికి కేక వేసేటప్పుడే "లిపిడ్ తెండి" అని కూడా అరవండి (ఈ కొవ్వు మందు సంగతి కింద చెప్తాను). సీపీఆర్ (ఛాతీ నొక్కడం) మొదలుపెట్టి, నూరు శాతం ఆక్సిజన్‌తో ఊపిరి అందించండి. ఆక్సిజన్ తగ్గి రక్తంలో ఆమ్లం పెరిగితే మందు విషం ఇంకా ముదురుతుంది. ఫిట్స్ ఉంటే వాటిని ఆపే మిడజొలామ్ ఇవ్వండి.

అసలు చిక్కు గుండెను ఉత్తేజపరిచే అడ్రినలిన్‌తో. గుండె ఆగిందనగానే పెద్దవాళ్లకు 1 మిల్లీగ్రాము ఎక్కించడం చేతికి అలవాటైపోయింది. ఇక్కడ కేజీకి 1 మైక్రోగ్రాము దాటకూడదు. అంటే 50 కేజీల మనిషికి 50 మైక్రోగ్రాములు, 1 మిల్లీగ్రాము ఆంపూల్‌లో (చిన్న మందు సీసాలో) ఇరవయ్యో వంతు. 1 మిల్లీగ్రామును 100 మి.లీ. సెలైన్‌లో కలిపితే 5 మి.లీ.లో ఆ మోతాదు వస్తుంది. టెన్షన్‌లో చేయాల్సిన లెక్క కాదిది, కాగితం మీద రాసి గోడకు అంటించాల్సింది. రక్తనాళాలను బిగించే వాసోప్రెసిన్ వద్దు. గుండె లయ తప్పితే అమియోడరోన్ వాడతారు. లయ సరిచేయడానికి అలవాటుకొద్దీ లిగ్నోకెయిన్ ఇస్తే అగ్గిలో ఆజ్యం పోసినట్టే.

ఇక లిపిడ్. నోటితో తినలేని రోగులకు నరం ద్వారా ఎక్కించే పాలలాంటి సోయా నూనె మందే ఇది. దీని కథ తమాషాగా ఉంటుంది. ఒంట్లో కార్నిటీన్ (కొవ్వును శక్తిగా మార్చడానికి కావాల్సిన పదార్థం) తక్కువున్న ఒక రోగికి కొద్దిపాటి బుపివకెయిన్‌కే గుండె లయ తప్పడం చూసిన గై వైన్‌బర్గ్ అనే అమెరికా మత్తు డాక్టర్, కొవ్వు వల్ల విషం పెరుగుతుందని అనుకుని ఎలుకల మీద చూశాడు. తీరా చూస్తే తగ్గింది! ఆ ఫలితం 1998లో అచ్చయింది. 2006లో న్యూయార్క్‌లో లోకల్ మత్తుతో గుండె ఆగిన ఒక రోగికి దాదాపు 20 నిమిషాలు సీపీఆర్ చేసినా ఫలితం లేక 100 మి.లీ. లిపిడ్ ఇస్తే గుండె తిరిగి కొట్టుకుంది. గుండె, మెదడు దగ్గరున్న మందును కొవ్వు తనలోకి లాక్కుని కండరాలకు, కాలేయానికి చేరవేస్తుందని వివరిస్తారు.

20 శాతం లిపిడ్‌ను మొదట కేజీకి 1.5 మి.లీ. చొప్పున రెండు మూడు నిమిషాల్లో ఇవ్వాలి. మన 50 కేజీల మనిషికి 75 మి.లీ. వెంటనే కేజీకి నిమిషానికి 0.25 మి.లీ. డ్రిప్, అంటే నిమిషానికి 12.5 మి.లీ. ఈ వేగంతో 250 మి.లీ. సీసా 20 నిమిషాల్లో ఖాళీ అవుతుంది. గుండె కుదుటపడకపోతే మొదటి మోతాదు మళ్లీ ఇచ్చి, డ్రిప్ రెట్టింపు చేస్తారు. మొత్తం కేజీకి 12 మి.లీ. దాటకూడదు. ప్రొపోఫోల్ అనే మత్తుమందు కూడా తెల్లగానే ఉంటుంది కదా అని దాన్ని ఎక్కించొద్దు. అందులో కొవ్వు తక్కువ, పైగా గుండెను ఇంకా అణిచేస్తుంది.

ఈలోగా సీపీఆర్ ఆపకండి. ఈ రోగి గుండె తరచుగా ఆరోగ్యమైనదే, మందు వదిలేవరకు మోయడమే మన పని. గంట పట్టినా విసుగుపడొద్దు.

వేరే మందుల మాత్రలు ఎక్కువగా మింగిన కేసుల్లోనూ లిపిడ్ పనికొస్తుందా అని కొందరు అడిగారు. 2008లో వచ్చిన ఒక నివేదికలో బుప్రొపియాన్ (డిప్రెషన్ మందు), లామోట్రిజిన్ (ఫిట్స్ మందు) ఎక్కువగా మింగిన 17 ఏళ్ల అమ్మాయి ఇలాగే కోలుకుంది. కానీ మాత్రల కేసుల్లో ఆధారాలు బలంగా లేవు. ఎక్కువగా మింగింది బీపీకి వాడే అమ్లోడిపిన్ అయితే కాల్షియం, పెద్ద మోతాదు ఇన్సులిన్ ముందు వస్తాయి. అక్కడ లిపిడ్ చివరి ప్రయత్నమే.

ఇంటి పని: తుంటి విరిగిన 40 కేజీల ముసలాయనకు తొడ దగ్గర బ్లాక్ ఇవ్వగానే గుండె ఆగింది. అడ్రినలిన్ మోతాదు, లిపిడ్ మొదటి మోతాదు, డ్రిప్ వేగం, గరిష్ఠ హద్దు రాయండి. ఆ హద్దుకు 250 మి.లీ. సీసాలు ఎన్ని కావాలో లెక్కేసి, అన్ని సీసాలు మీ థియేటర్‌లో ఉన్నాయో లేదో, వాటి గడువు తేదీ ఏమిటో, రాత్రిపూట ఆ బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కోండి. గుండె తిరిగి కొట్టుకున్నాక ఐసీయూలో ఏం చూడాలన్నది ఏడో పాఠంలో.