పెద్ద అఖాతాన్ని ఈది దాటాలంటే ఎలా?

పూల్‌లో రెండు గంటలు ఆగకుండా ఈదగలరా? మంచిదే. కానీ ముప్పై నలభై కిలోమీటర్ల అఖాతంలో చేతులు అలిసిపోయి బయటికొచ్చేవాళ్ల కన్నా చలికి, వాంతులకు తట్టుకోలేక పడవెక్కేవాళ్లే ఎక్కువ.

1. ముందు చలి సంగతి చూడండి. ఈ ఈతల్లో సాధారణంగా వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరులాంటి ఒంటి తొడుగు) ఒప్పుకోరు, మామూలు ఈత దుస్తులు, టోపీ, గాగుల్స్, అంతే. ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య ఉన్న ఇంగ్లిష్ ఛానల్ ఈదాలంటే సుమారు 16 డిగ్రీల నీళ్లలో ఆరు గంటలు ఈదినట్టు ముందే చూపించాలి. మీరూ అదే లెక్క పెట్టుకోండి. ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి నెలల తరబడి పెంచుకుంటూ పోవాలి. ఒంటరిగా మాత్రం వద్దు.

2. దారి మ్యాప్ మీద గీత గీసినంత తేలిక కాదు. మీరు గంటకు మూడు కిలోమీటర్లు ఈదుతుంటే, రెండు నాట్ల ప్రవాహం, అంటే గంటకు 3.7 కిలోమీటర్లు, ఎదురొస్తే మీరు ఈదుతూనే వెనక్కి పోతుంటారు! 1875లో మాథ్యూ వెబ్ అనే ఇంగ్లిష్ ఈతగాడు ఛానల్ దాటినప్పుడు ఫ్రాన్స్ ఒడ్డు కళ్లముందే ఉన్నా ప్రవాహం వల్ల గంటల తరబడి చేరలేకపోయాడు, మొత్తం 21 గంటల 45 నిమిషాలు పట్టింది. అందుకే ఆటుపోట్ల పట్టిక చూసి, ఆ నీళ్లు తెలిసిన పడవ నడిపే మనిషి చెప్పినప్పుడే దిగండి. గాలి తక్కువని చాలామంది అర్ధరాత్రి దిగుతారు. అప్పుడు టోపీకో నడుముకో చిన్న లైటు ఉండాలి.

3. తిండి. నన్నడిగితే సగం ఈత ఇక్కడే ఉంది. అరగంటకోసారి తాడు కట్టిన సీసా పడవలోంచి విసురుతారు, మీరు వెల్లకిలా తేలుతూ నాలుగు గుక్కల్లో తాగేసి వదిలేయాలి, నిమిషం దాటకూడదు, ఎందుకంటే ఆగిన ప్రతి నిమిషం ప్రవాహం పక్కకు లాగేస్తుంది, పైగా ఒళ్లు చల్లబడుతుంది. పడవను ముట్టుకుంటే ఈత లెక్కలోకి రాదు. సీసాలో మాల్టోడెక్స్‌ట్రిన్ (త్వరగా అరిగే పిండిపదార్థపు పొడి) కలిపిన గోరువెచ్చటి నీళ్లు, గంటకు సుమారు 60 గ్రాముల పిండిపదార్థం అందేలా. ఉప్పునీళ్లకు నాలుక వాచి రుచి కూడా తెలియదు, మధ్యలో పలచటి మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తే ప్రాణం లేచొస్తుంది. కొత్త పానీయం ఆ రోజే మొదటిసారి తాగారా, ఇక వాంతులే.

4. చంకలు, మెడ, తొడల మధ్య వాజిలిన్ లేదా లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) దట్టంగా పూయించుకోండి. మీ చేత్తో పూసుకోవద్దు, ఆ జిడ్డు గాగుల్స్‌కి అంటితే రాత్రంతా మసకే.

5. పడవలో మీ చేతి విసుర్లు లెక్కపెట్టే మనిషి ఉండాలి. నిమిషానికి 64 వేస్తున్నవాళ్లు 52కి పడిపోయి, "మీ అమ్మ పేరేంటి?" అంటే తడుముకుంటుంటే అది మొండితనం చూపించే సమయం కాదు, చలి మెదడుకెక్కిందని అర్థం. బయటికి లాగే అధికారం ఎవరిదో ఒడ్డున ఉండగానే తేల్చుకోండి, నీళ్లలో మీ మాట ఎవరూ వినకూడదు.

6. మధ్యలో ఒడ్డు వైపు చూడకండి. గంటైనా అంతే దూరంలో కనిపించి ఏడిపిస్తుంది. తర్వాతి సీసా ఒక్కటే గుర్తుపెట్టుకోండి.

ఒడ్డెక్కాక వెంటనే వేడినీళ్ల స్నానానికి పరిగెత్తొద్దు. బయటికొచ్చాక కూడా కాసేపు ఒంటి వేడి పడిపోతూనే ఉంటుంది, కళ్లు తిరిగి పడిపోవచ్చు. తడి బట్టలు తీసేసి, ఒళ్లు తుడుచుకుని, పొడి బట్టలు పొరలు పొరలుగా వేసుకుని, గాలి తగలని చోట కూర్చుని వెచ్చటిదేదైనా తాగండి. వణుకొస్తే రానివ్వండి.