అద్దె మోడెమ్ తీసి సొంతది పెట్టుకునే ముందు జాగ్రత్తలు

హనుమకొండ, కాజీపేట ప్రాంతాల్లో ఫైబర్ కనెక్షన్‌తో పాటు వచ్చిన అద్దె మోడెమ్‌ను మార్చదలచినవారు, కొత్తది కొనకముందే తమ లైను జీపాన్, ఈపాన్ అనే రెండు ఫైబర్ సాంకేతిక పద్ధతుల్లో దేనిదో కంపెనీవారిని అడిగి తెలుసుకోవాలి. రెండింటికీ పనికొచ్చే రకమైతే తప్ప, ఒకదానికి తయారైన పరికరం మరొకదానిపై పనిచేయదు. కొత్త మోడెమ్ సీరియల్ నంబరును కంపెనీవారు తమ వ్యవస్థలో నమోదు చేస్తారో లేదో కూడా అప్పుడే తేల్చుకోవాలి. నెట్టు కనెక్షన్‌కు లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఒకే లైనులో సేవలను వేరుచేసే వీల్యాన్ నంబరు రాసిపెట్టుకోవాలి.

అసలు చిక్కు ల్యాండ్‌లైన్‌తోనే వస్తుంది. ఫోను తీగ పెట్టే చోటు కొత్త మోడెమ్‌కు ఉన్నంత మాత్రాన ఫోను మోగదు. కాల్స్ ఎస్‌ఐపీ పద్ధతిలో ఇంటర్నెట్ లైను మీదుగానే నడుస్తాయి కనుక ఆ ఖాతా వివరాలు కావాలి, వాటిని ఇవ్వడానికి కంపెనీలు సాధారణంగా ఇష్టపడవు. ఇంట్లో పెద్దవాళ్లు ఆ ఫోను మీదే ఆధారపడి ఉంటే, అద్దె మోడెమ్‌ను అలాగే ఉంచి, దాని వెనుక సొంత రౌటర్ పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఫైబర్ తీగను ఊడదీసినప్పుడు దాని కొనలోకి తొంగిచూడరాదు. అందులోని లేజర్ కంటికి కనిపించని పరారుణ కాంతి. ఆకుపచ్చ కనెక్టర్ కొన 8 డిగ్రీల వాలుగా అరగదీసి ఉంటుంది కాబట్టి దానిని నీలిరంగు దానితో జత చేయరాదు.

కొత్త మోడెమ్‌పై నెట్టు, ఫోను రెండూ కుదురుకున్నాకే పాతదానిని అడాప్టర్‌తో సహా అప్పగించి, సీరియల్ నంబరు వేసిన రసీదు తీసుకోవాలి. రసీదు లేని డిపాజిట్ తిరిగి రావడం కష్టం.