‘రీస్టార్ట్ నౌ’ అంటూ కంప్యూటర్ వెంటపడుతుంటే

గుంటూరులో డెస్క్‌టాప్‌లు బాగుచేసే పని నాది. అరండల్‌పేట, బ్రాడీపేట లైన్లలో ఆడిటర్ల ఆఫీసులు, డీటీపీ సెంటర్లు, నెట్ సెంటర్లు నా గిరాకీ. ఫోన్ ఎత్తగానే చాలామంది అనే మాట ఒకటే: “అప్‌డేట్ అప్‌డేట్ అని చంపుతోందండీ, అసలు రాకుండా తీసేయండి.” తీసేయను. అడుగుతున్నది ఎవరు, పని ఎందుకు పూర్తికావట్లేదు అన్నది చూస్తే చాలాసార్లు తీసేయాల్సిన అవసరమే రాదు.

పని మధ్యలో రీస్టార్ట్ అయిపోతోంది

2025 జూన్ 11, బుధవారం. అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీ రిటర్ను, జీఎస్టీఆర్-1 వేయడానికి ఆఖరు రోజు. ఒక ఆడిటర్ గారి ఆఫీసులో కుర్రాడు లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో బిల్లులు ఎక్కిస్తున్నాడు. టాలీ వాడేవాళ్లకు తెలుసు, ఆ పనంతా ఎంటర్ల మీదే నడుస్తుంది. మధ్యలో రీస్టార్ట్ డబ్బా పైకి లేచింది, కుర్రాడు కొట్టిన ఎంటర్ దానికి తగిలింది. ఇక తెరమీద గుండ్రంగా తిరిగే చుక్కలు, ‘కంప్యూటర్ ఆపవద్దు’ అన్న మాట. నేను వెళ్లాక కూడా ఇరవై నిమిషాలు ఆయన నన్ను, నేను ఆ చుక్కల్ని చూస్తూ కూర్చున్నాం.

కారణం: మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ అప్‌డేట్లను ప్రతి నెలా రెండో మంగళవారం వదులుతుంది. వాళ్లకు ఉదయం పది అంటే మనకు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. అంటే మన ఆఫీసుల్లో అది దిగేది బుధవారం పొద్దున సిస్టమ్ ఆన్ చేశాకే. రెండో మంగళవారం ఎప్పుడూ 8 నుంచి 14వ తేదీలోపే పడుతుంది. నెలనెలా జీఎస్టీఆర్-1 వేసేవాళ్ల గడువు 11. మంగళవారం పదో తేదీన పడిన నెలల్లో ఈ రెండూ ఢీకొంటాయి. ఇందులో ఎవరి కుట్రా లేదు, క్యాలెండర్ చూసుకుంటే ముందే తెలిసిపోతుంది.

పరిష్కారం: సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌కి వెళ్లి ‘యాక్టివ్ అవర్స్’ మీరే పెట్టుకోండి. గరిష్ఠంగా 18 గంటలు ఇస్తుంది. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పదకొండు దాకా పెడితే ఆ వేళల్లో తనంతట తాను రీస్టార్ట్ కాదు. గడువు వారంలో సోమవారమే ‘పాజ్ అప్‌డేట్స్’ నొక్కి, రిటర్నులు వేశాక 12న తీసేయండి. అయిదు వారాల దాకా ఆపుకోవచ్చు కదా అని అలాగే వదిలేయకండి. ఆ గడువు దాటితే, ఉన్నవి ఎక్కించుకుంటేగానీ మళ్లీ ఆపనివ్వదు.

రోజూ అదే అప్‌డేట్ అడుగుతోంది

మన వాళ్ల అలవాటులోనే సగం జవాబు ఉంది. రాత్రి షట్టర్ దించేముందు మెయిన్ స్విచ్ కట్టేస్తారు. ‘ఖాళీ సమయంలో రీస్టార్ట్ అవుతాను’ అని విండోస్ కాచుకుని ఉంటుంది. దానికి ఆ ఖాళీ ఎప్పుడూ దొరకదు. మళ్లీ పొద్దున్నే మొదలు. నెలకోసారి భోజనానికి వెళ్లేముందు ఫైళ్లన్నీ సేవ్ చేసి ‘అప్‌డేట్ అండ్ రీస్టార్ట్’ నొక్కండి. తిరిగొచ్చేసరికి పూర్తవుతుంది.

“నేను రోజూ షట్‌డౌన్ చేస్తూనే ఉన్నానండీ” అంటారు. ఇక్కడే ‘ఫాస్ట్ స్టార్టప్’ అడ్డం పడుతుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నిజంగా షట్‌డౌన్ కాదు. విండోస్ తన స్థితిలో కొంత డిస్క్‌లో దాచుకుని, పొద్దున అక్కడి నుంచే లేస్తుంది. కొన్ని అప్‌డేట్లకు అది చాలదు, అసలైన రీస్టార్టే కావాలి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో పవర్ బటన్ల సెట్టింగ్. అక్కడ ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. సిస్టమ్ లేవడానికి కాస్త ఎక్కువ సేపు పడుతుంది, అంతే.

నెట్ సెంటర్ల కథ వేరు. మాకు తెలిసిన బాబాయ్ ఒకాయన సెంటర్లో ఆరు సిస్టమ్‌లు. “అప్‌డేట్ అయింది అని తెర మీద చూపించిందిరా, తెల్లారేసరికి మళ్లీ మొదటికొచ్చింది” అని లబోదిబోమన్నాడు. గడియారం పక్కన చిన్న తెల్ల ఎలుగుబంటి బొమ్మ కనిపించింది. అది డీప్ ఫ్రీజ్. పిల్లలు వచ్చి ఏం చెడగొట్టినా రీస్టార్ట్ చేయగానే పలక తుడిచినట్టు తుడిచేస్తుంది. అప్‌డేట్‌ని కూడా అలాగే తుడిచేస్తోంది! షిఫ్ట్ నొక్కిపట్టి ఆ బొమ్మ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది. ‘బూట్ థాడ్’ ఎంచుకుని రీస్టార్ట్ చేసి, అప్‌డేట్లన్నీ ఎక్కించి, మళ్లీ ‘ఫ్రోజెన్’లో పెట్టాలి. పాస్‌వర్డ్ పెట్టింది ఎవరో ఆయనకు గుర్తులేదు. అది వెతకడానికే ఒక పూట పట్టింది.

దిగుతుంది, ఎక్కదు, ఎర్రర్ వస్తుంది

ముందు కింద మూలన తేదీ చూడండి. నవ్వకండి. పాత సిస్టమ్‌లో అక్కడ ఏ పదేళ్ల కిందటి తేదీయో ఉంటే మదర్‌బోర్డు మీద బ్యాటరీ అయిపోయినట్టే. తేదీ తప్పయితే సర్వర్ చూపించే సర్టిఫికెట్‌ని సిస్టమ్ నమ్మదు. అప్‌డేటే కాదు, బ్రౌజర్‌లో సైట్లు కూడా ‘సురక్షితం కాదు’ అంటూ మొండికేస్తాయి. చాలామంది దీన్ని నెట్ సమస్య అనుకుని కేబుల్ వాళ్లతో గొడవపడతారు. రూపాయి బిళ్లలా ఉండే సీఆర్ 2032 బ్యాటరీ చాలు. ప్లగ్ తీసేసి, పాతది ఎటు వైపు పైకి ఉందో చూసుకుని, కొత్తది అలాగే పెట్టండి. తర్వాత తేదీ సరిచేయండి.

తేదీ బాగానే ఉంటే సీ డ్రైవ్ చూడండి. 120 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించుకున్నవాళ్లకు ఇది తప్పదు, గీత ఎర్రగా మారి ఉంటుంది. సెట్టింగ్స్‌లో స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లోకి వెళ్లి శుభ్రం చేయండి. కానీ ఆ జాబితాలో ‘డౌన్‌లోడ్స్’ కూడా ఉంటుంది. దానికి టిక్ పెడితే క్లయింట్లు పంపిన బిల్లులన్నీ గోవిందా!

చోటు ఉండీ ఎక్కకపోతే, సగం దిగి పాడైన ఫైలే అడ్డు. సర్వీసెస్‌లో ‘విండోస్ అప్‌డేట్’, దానితోపాటు ‘బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్’ ఆపండి. విండోస్ ఫోల్డర్లో ‘సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్’, అందులో ‘డౌన్‌లోడ్’ ఫోల్డర్ ఖాళీ చేసి, రెండు సర్వీసులూ మళ్లీ ఆన్ చేయండి. మొదటి నుంచి కొత్తగా దించుకుంటుంది.

ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్లకు ఒక మాట: ఆ వైఫై ప్రాపర్టీస్‌లో ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చేయండి. లేకపోతే పొద్దున పదింటికే రోజు డేటా అంతా ఊడ్చేస్తుంది.

ఎర్ర తెర, బీప్‌లు, ‘వెంటనే అప్‌డేట్ చేయండి’, కింద ఫోన్ నంబరు

ఇది అప్‌డేట్ కాదు, మోసం. విండోస్ అప్‌డేట్ బ్రౌజర్ పేజీలోపల రాదు, ఫోన్ చేయమని నంబరూ ఇవ్వదు. ఏదీ నొక్కకుండా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని మూసేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటారా అని అడిగితే వద్దనండి. మూలన అదే పనిగా వచ్చే చిన్న డబ్బాలైతే, ఎప్పుడో ఏదో సైట్లో ‘అలౌ’ నొక్కిన ఫలితం. క్రోమ్‌లో సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లో తెలియని పేర్లన్నీ తీసేయండి. ఆ నంబరుకు ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకుని ఉంటే నాకు కాదు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

‘విండోస్ 11కి మారండి’ అని తెరంతా నింపేస్తోంది

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఆ అడగడంలో అబద్ధం లేదు. అయితే ‘మీ సిస్టమ్‌కు అర్హత లేదు’ అనగానే కొత్తది కొనేయకండి. ఇంటెల్ ఎనిమిదో తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లయితే అడ్డం పడేది చాలాసార్లు టీపీఎం అనే భద్రతా భాగం ఒక్కటే. బోర్డులో ఉండే ఉంటుంది, బయోస్‌లో (విండోస్ లేవకముందు తెరిచే బోర్డు సెట్టింగ్స్‌లో) ఆఫ్‌లో ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అన్న పేరుతో వెతికి ఆన్ చేసి, అర్హత చూసే మైక్రోసాఫ్ట్ యాప్ ‘పీసీ హెల్త్ చెక్’ మళ్లీ నడిపి చూడండి.