అరచేతి డ్రోన్‌కు ఫ్లైట్ కంట్రోలర్ బోర్డు – నాలుగో పాఠం: బ్యాటరీ నుంచి జైరో దాకా

డ్రోన్‌ను నడిపే బోర్డే ఫ్లైట్ కంట్రోలర్. మూడో పాఠంలో దానికి ప్రాసెసర్‌గా ఎస్‌టీఎం32జీ473ను, జైరోగా (డ్రోన్ ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచే సెన్సరు) ఐసీఎం-42688-పీని ఎంచుకుని పిన్నులు పంచేశాం. ఈసారి బ్యాటరీ ప్యాడ్ దగ్గర బయలుదేరిన కరెంటు జైరో పిన్నుకు చేరే దారి ఒక్కటే గీస్తాం. స్కీమాటిక్‌లో ఇది అరపేజీ పని. అయినా పాఠమంతా దీనికే పెట్టాం. ఒకే జైరో, ఒకే ప్రాసెసర్ ఉన్న రెండు బోర్డుల్లో ఒకటి వెన్నలా ఎగిరి ఇంకొకటి వణుకుతుంటే, చాలాసార్లు తేడా ఈ అరపేజీలోనే ఉంటుంది.

చాలామంది జైరోను డేటాషీట్‌లోని నాయిస్ అంకె చూసి ఎంచుకుంటారు. ఐసీఎం-42688-పీకి అది 2.8 మిల్లీడిగ్రీ/సెకను/√హెర్ట్జ్, మరో జైరో చిప్ బీఎంఐ270కి 7. కాగితం మీద మొదటిదే మేలు. కానీ ఆ అంకె శుభ్రమైన సరఫరా మీద కొలిచింది. సరఫరా మురికిగా ఉంటే 2.8 చిప్ కూడా 7 చిప్ కంటే అధ్వాన్నంగా పనిచేయవచ్చు. ముందు సరఫరాను సరిచేయాలి, ఆ తర్వాతే ఖరీదైన జైరో పెట్టినందుకు ఫలితం కనిపిస్తుంది.

వోల్టేజీ ఎంత పడిపోతుంది

మన లెక్కకు 65 మిల్లీమీటర్ల ఫ్రేము, నాలుగు 0702 మోటార్లు, 300 ఎంఏహెచ్ సింగిల్ సెల్ హెచ్‌వీ బ్యాటరీ (4.35 వోల్టుల దాకా చార్జయ్యే రకం) తీసుకుందాం. ఫుల్ థ్రాటిల్‌లో మొత్తం 10 ఆంపియర్లు లాగుతుందనుకోండి. సెల్ లోపలి నిరోధం 45 మిల్లీఓమ్‌లు, కనెక్టరు, తీగలు కలిపి మరో 15. మొత్తం 60 మిల్లీఓమ్‌ల మీద 10 ఆంపియర్లు నడిస్తే 0.6 వోల్టు అక్కడే పోతుంది.

ఫుల్ చార్జిలో 4.35 వోల్టులుంటే బోర్డుకు 3.75 అందుతుంది, ఇబ్బంది లేదు. సగం ఎగిరాక సెల్ 3.8కి దిగుతుంది, అప్పుడు థ్రాటిల్ నొక్కితే బోర్డుకు వచ్చేది 3.2. చివర్లో 3.6 దగ్గర నొక్కితే 3.0. పాత పీహెచ్2.0 కనెక్టరైతే ఇంకా తక్కువ, ఎందుకంటే దాని రేటింగే పిన్నుకు 2 ఆంపియర్లు. ఈ బోర్డుకు బీటీ2.0 గానీ ఏ30 గానీ పెట్టండి. ఆదిలాబాద్, నిర్మల్ వైపు డిసెంబరు, జనవరి పొద్దున్నే ఎగరేసేవాళ్లు లెక్కలో మరికొంత కలుపుకోవాలి. చలికి సెల్ నిరోధం పెరుగుతుంది, వరంగల్ మధ్యాహ్నపు ఎండలో తీసిన కొలత అక్కడ చెల్లదు.

ఇప్పుడు బ్యాటరీ నుంచి నేరుగా 3.3 వోల్టుల ఎల్‌డీవో, అంటే వోల్టేజీని తగ్గించి నిలకడగా ఉంచే చిన్న రెగ్యులేటరు, పెట్టారనుకోండి. ఎల్‌డీవో వోల్టేజీని పెంచలేదు. 3.2 వస్తే దాని లోపలి ట్రాన్సిస్టరు పూర్తిగా తెరుచుకుని, వచ్చినదాన్ని వచ్చినట్టే కాస్త తగ్గించి పంపుతుంది. దీన్నే డ్రాపవుట్‌లో పడటం అంటారు. ఆ స్థితిలో అది రెగ్యులేటరు కాదు, ఒక చిన్న రెసిస్టరు. మోటార్ల స్విచింగ్ అలలన్నీ జైరో పిన్ను దాకా నడిచి వస్తాయి. పొలంలో బోరు మోటారు ఎత్తుకోగానే అదే లైను మీది బల్బు మసకబారుతుంది చూడండి, ఇక్కడా అదే జరుగుతుంది, సెకనుకు వేలసార్లు.

ఇక్కడ అందరినీ తప్పుదారి పట్టించే సంగతి ఒకటుంది. ప్రాసెసరు 1.71 వోల్టుల దాకా పనిచేస్తుంది, జైరో కూడా అంతే. కాబట్టి బోర్డు రీసెట్ కాదు, ఎర్రర్ రాదు. మొదటి నిమిషం బాగా ఎగిరి, చివరి నిమిషంలో పంచ్ ఇచ్చినప్పుడు (థ్రాటిల్ ఒక్కసారిగా పెంచినప్పుడు) వణుకుతుంది, దిగాక మోటార్లు ముట్టుకోలేనంత వేడిగా ఉంటాయి. దాంతో ట్యూనింగ్ బాలేదనుకుని పీఐడీలు (డ్రోన్ ఎంత గట్టిగా సవరించుకోవాలో చెప్పే సెట్టింగులు) తగ్గిస్తారు, ఫిల్టర్లు బిగిస్తారు. ఫిల్టరు బిగించిన ప్రతిసారీ ఆలస్యం పెరిగి ఎగరడం మొద్దుబారుతుంది. సరఫరాలోని జబ్బుకు సాఫ్ట్‌వేర్ మందు వేయకండి.

ముందు పెంచాలి, తర్వాత శుభ్రం చేయాలి

బ్యాటరీ నుంచి బూస్ట్ కన్వర్టరుతో, అంటే వోల్టేజీని పెంచే సర్క్యూటుతో, 5 వోల్టులు చేస్తాం. రిసీవరు, కెమెరా, వీడియో ట్రాన్స్‌మిటరు ఎలాగూ ఆ 5 మీదే నడుస్తాయి. అక్కడి నుంచి రెండు వేర్వేరు ఎల్‌డీవోలు, రెండూ 3.3 వోల్టులవే: ఒకటి ప్రాసెసరుకు, ఒకటి జైరోకు మాత్రమే.

బూస్ట్ లెక్క చూద్దాం. 5 వోల్టుల మీద మొత్తం 0.6 ఆంపియరు లోడు, అంటే 3 వాట్లు. బ్యాటరీ 3.0కి దిగినప్పుడు, 85 శాతం సామర్థ్యంతో లోపలికి లాగేది 3 ÷ (3.0 × 0.85), దాదాపు 1.18 ఆంపియర్లు. 1.2 మెగాహెర్ట్జ్ దగ్గర 2.2 మైక్రోహెన్రీ ఇండక్టరు పెడితే దానిలోని కరెంటు అల 0.45 ఆంపియరు, పీక్ దాదాపు 1.4. 1 మైక్రోహెన్రీది పెడితే అల 1.0కి పెరిగి పీక్ దాదాపు 1.7కి చేరుతుంది. 2.2 మైక్రోహెన్రీ, శాచురేషన్ కరెంటు (ఇంతకు మించితే ఇండక్టరు పనితనం పడిపోయే హద్దు) కనీసం 2.2 ఆంపియర్లు ఉన్న షీల్డెడ్ ఇండక్టరు తీసుకోండి. బరువు తగ్గుతుందని చిన్నది వేస్తే వీడియో పవరు పెంచిన క్షణంలో అది శాచురేట్ అయి 5 వోల్టులు కూలబడతాయి. షీల్డు లేనిది అసలు వద్దు, దాని అయస్కాంత క్షేత్రం పక్కనున్న ట్రాకుల్లోకి పాకుతుంది.

జైరో ఎల్‌డీవోకు ఎల్‌పీ5907, 3.3 వోల్టులది వాడండి. దాని నాయిస్ 6.5 మైక్రోవోల్టుల లోపు. సరఫరాలోని అలను అణచే శక్తి, అంటే పీఎస్‌ఆర్‌ఆర్, 1 కిలోహెర్ట్జ్ దగ్గర 82 డెసిబెల్స్. మెగాహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి ఆ శక్తి బాగా తగ్గిపోతుంది. మన బూస్ట్ గోల ఉన్నది సరిగ్గా అక్కడే.

అందుకే ఎల్‌డీవోకు ముందు 10 ఓమ్‌ల రెసిస్టరు, దాని తర్వాత గ్రౌండుకు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడతాం. ఐసీఎం-42688-పీ లాగేది 1 మిల్లీఆంపియరు లోపే కనుక 10 ఓమ్‌ల మీద పోయేది 10 మిల్లీవోల్టులు మాత్రమే. ఈ జంట 1.6 కిలోహెర్ట్జ్ నుంచే అణచడం మొదలుపెడుతుంది. కింది ఫ్రీక్వెన్సీలు ఎల్‌డీవో చూసుకుంటుంది, పైవి ఈ జంట చూసుకుంటుంది. పైసలతో పోయే రెండు భాగాలివి, బోర్డు మొత్తంలో ఇంతకంటే లాభసాటి భాగాలు లేవు. ప్రాసెసరు ఎల్‌డీవోకు మాత్రం ఇది పెట్టకండి, అది 100 మిల్లీఆంపియర్లు లాగితే 10 ఓమ్‌ల మీద 1 వోల్టు పోతుంది.

కెపాసిటర్ల సైజు దగ్గర జాగ్రత్త. పది మైక్రోఫారడ్ అని రాసి ఉన్న 6.3 వోల్టుల 0402 సిరామిక్ మీద 5 వోల్టులు పెడితే అసలు విలువలో సగం కూడా మిగలకపోవచ్చు. 0603 సైజు, 10 వోల్టులు, ఎక్స్7ఆర్ రకం తీసుకోండి. ఎక్స్5ఆర్ హద్దు 85 డిగ్రీలు. రామగుండంలో మే నెల ఎండ 44 దాటినప్పుడు వీడియో ట్రాన్స్‌మిటరు పక్కన బోర్డు ఎంత కాలుతుందో ఊహించుకోండి.

ఎల్‌డీవో ఇన్‌పుట్ పిన్ను పక్కనే 1 మైక్రోఫారడ్, అవుట్‌పుట్ పక్కన 1 మైక్రోఫారడ్. జైరో 8వ పిన్ను వీడీడీ (చిప్ సరఫరా) దగ్గర 2.2 మైక్రోఫారడ్, 0.1 మైక్రోఫారడ్ రెండూ, 5వ పిన్ను వీడీడీఐఓ (సిగ్నల్ లైన్ల సరఫరా) దగ్గర 10 నానోఫారడ్. రెండు పిన్నులూ ఈ శుభ్రమైన 3.3 మీదే. ఎల్‌పీ5907 ఈఎన్ పిన్నును (చిప్‌ను ఆన్ చేసేది) ఇన్‌పుట్‌కు కలపండి. వదిలేస్తే లోపలి పుల్‌డౌన్ దాన్ని ఆపేస్తుంది, జైరో దొరకలేదని బీటాఫ్లైట్ (బోర్డులో నడిచే సాఫ్ట్‌వేర్) చెబుతుంది, మీరు జైరో టంకం తప్పనుకుని దాన్ని ఊడదీస్తారు.

జైరోకు 2.8 వోల్టుల ఎల్‌డీవో పెడితే ఇంకా శుభ్రంగా ఉంటుందని కొందరు అనుకుంటారు. అప్పుడు 3.3 మీదున్న ప్రాసెసరు ఎస్‌పీఐ లైన్లు (జైరోతో డేటా మార్చుకునేవి) జైరో పిన్నుల గరిష్ఠ పరిమితి అంచున కూర్చుంటాయి. రెండూ 3.3గానే ఉంచండి.

బోర్డు మీద చోటు

25.5 మిల్లీమీటర్ల చదరంగా అమరిన స్క్రూ రంధ్రాల మధ్య మనకు దొరికే చోటు చాలా తక్కువ, అందుకే క్రమం ముఖ్యం. మొదట జైరో పెట్టండి, మిగతావన్నీ దాన్ని బట్టే. స్క్రూ రంధ్రాలకు దూరంగా, బోర్డు మధ్యకు దగ్గరగా ఉండాలి. స్క్రూ బిగిస్తే బోర్డు వంగుతుంది, ఆ వంపు జైరో లోపలి సన్నని నిర్మాణాన్ని నొక్కుతుంది. జైరో పొట్ట కింద పై పొరలో ట్రాకులు, వయాలు (పొరలను కలిపే చిన్న రంధ్రాలు) వద్దు.

నాలుగు పొరల బోర్డులో రెండో పొర మొత్తం గ్రౌండు. దాన్ని ముక్కలు చేయకండి. అనలాగ్ గ్రౌండు వేరు, డిజిటల్ గ్రౌండు వేరు అని చీల్చితే తిరుగు కరెంటు చుట్టూ తిరిగి రావాల్సి వస్తుంది, గోల పెరుగుతుంది. అంతకంటే మోటారు కరెంటు ఎటు నుంచి ఎటు పోతుందో పెన్సిలుతో గీసి చూడండి. లోపలి పొర రాగి తరచూ 17 మైక్రాన్లే ఉంటుంది, ఒక్కో చదరానికి దాదాపు 1 మిల్లీఓమ్. మూడు చదరాల దూరం 10 ఆంపియర్లు నడిస్తే గ్రౌండు రెండు కొసల మధ్య 30 మిల్లీవోల్టుల తేడా. బ్యాటరీ ప్యాడ్లు, ఎఫ్‌ఈటీలు (మోటార్లకు కరెంటు ఇచ్చే ట్రాన్సిస్టర్లు) ఒకవైపు అంచున ఉంటే ఆ కరెంటు జైరో కింద నుంచి పోదు.

10 ఓమ్‌ల రెసిస్టరు, ఎల్‌పీ5907, దాని కెపాసిటర్లు, జైరో అన్నీ 5 మిల్లీమీటర్ల వృత్తంలో ఇమడాలి. అన్నింటి గ్రౌండు వయాలు పక్కపక్కనే దిగాలి. అప్పుడు గ్రౌండు మొత్తం కదిలినా ఎల్‌డీవో, జైరో కలిసే కదులుతాయి, మధ్యలోని 3.3 చెక్కుచెదరదు. బూస్ట్ ఇండక్టరు ఈ వృత్తానికి కనీసం 8 మిల్లీమీటర్ల అవతల. ప్రాసెసరు ఎల్‌డీవోను కూడా అటే పెట్టండి. 5 నుంచి 3.3కి 100 మిల్లీఆంపియర్లు దించితే 0.17 వాటు వేడి, ఎస్‌ఓటీ-23-5 ప్యాకేజీలో దాదాపు 34 డిగ్రీలు పెరుగుతుంది. జైరో వేడెక్కేకొద్దీ దాని సున్నా రీడింగు పక్కకు జరుగుతుంది.

టంకం

స్టెన్సిల్ 0.1 మిల్లీమీటరు మందం. జైరో ప్యాడ్ల మీద పేస్టు ఎక్కువైతే చిప్ తేలి వంకరగా కూర్చుంటుంది. 2 డిగ్రీల వంపుకే యా కదలికలో (డ్రోన్ నిలువు అక్షం చుట్టూ తిరగడంలో) 3.5 శాతం రోల్‌లోనో పిచ్‌లోనో కనిపిస్తుంది.

హనుమకొండలో గానీ కరీంనగర్‌లో గానీ సెల్‌ఫోన్ రిపేరు చేసే అన్న దగ్గర మైక్రోస్కోపు, హాట్ ఎయిర్ దొరుకుతాయి, చెయ్యి కూడా తిరిగి ఉంటుంది. ఆయనకు ఒక్క మాట ముందే చెప్పండి: పని అయ్యాక బోర్డును అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో వేయొద్దు. ఫోను బోర్డులకు అది రోజువారీ అలవాటు. జైరో లోపలి కదిలే భాగాలు ఆ కంపనానికి విరిగిపోవచ్చు, బయటికి చిప్ కొత్తదిలానే కనిపిస్తుంది. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), మెత్తని బ్రష్ చాలు.

పరీక్ష

ప్రొపెల్లర్లు తీసేయండి. బ్యాటరీ బదులు బెంచ్ సప్లై, 3.8 వోల్టులు, కరెంటు హద్దు 0.3 ఆంపియరు. 5 వోల్టులు, రెండు 3.3లు మీటరుతో చూశాక వీడియో ట్రాన్స్‌మిటరు కలిపి హద్దు 2 ఆంపియర్లకు పెంచండి. ఇప్పుడు సప్లైని 4.35 నుంచి 2.8 దాకా మెల్లగా దించండి. జైరో 3.3 మీద 5 మిల్లీవోల్టులకు మించి కదలిక ఉండకూడదు. 3.4 దగ్గర అది కూడా దిగడం మొదలైతే ఎల్‌డీవో ఇన్‌పుట్ 5కు బదులు బ్యాటరీకి తగిలి ఉంది, ట్రాకు వెతకండి.

తర్వాత ఆసిలోస్కోపు. ఇంట్లో లేకపోతే కాలేజీ ల్యాబులో అడగండి. ఏసీ కప్లింగ్, 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ పరిమితి. ప్రోబు గ్రౌండుకు పొడవాటి మొసలి క్లిప్పు వద్దు, అది యాంటెన్నాలా పనిచేసి లేని గోల చూపిస్తుంది. ప్రోబు మొనకు చుట్టే చిన్న స్ప్రింగును జైరో కెపాసిటర్ గ్రౌండు మీదే ఆనించండి. 2.2 మైక్రోఫారడ్ మీద పీక్ నుంచి పీక్‌కు 5 మిల్లీవోల్టుల లోపు రావాలి. ఎక్కువుంటే ముందు 10 ఓమ్‌ల తర్వాతి కెపాసిటర్ మీద కొలవండి. అక్కడే అల పెద్దగా ఉంటే ఆ కెపాసిటర్ టంకం గానీ సైజు గానీ తప్పు. అక్కడ శుభ్రంగా ఉండి జైరో దగ్గర మురికిగా ఉంటే గ్రౌండు వయాల దూరం చూడండి.

చివరిగా బ్లాక్‌బాక్స్, అంటే బోర్డు రాసుకునే డేటా లాగ్. ఫిల్టరుకు ముందటి జైరో డేటా రికార్డయ్యేలా పెట్టి, ప్రొపెల్లరు లేకుండా ఒకే మోటారును స్థిరమైన వేగంతో తిప్పండి. సప్లైని 4.2, 3.8, 3.4, 3.0 దగ్గర ఆపి ఒక్కోచోట 20 సెకన్లు రికార్డు చేయండి, ప్రతిచోటా థ్రాటిల్ సవరించి వేగం ఒకేలా ఉంచండి. మోటారు బేరింగు, షాఫ్టు వంపు వల్ల వచ్చే శబ్దం వేగంతో కదులుతుంది: నిమిషానికి 30,000 చుట్లైతే 500 హెర్ట్జ్ దగ్గర గీత, దాని గుణిజాల దగ్గర చిన్న గీతలు. వేగం మారకుండా వోల్టేజీ తగ్గినకొద్దీ గ్రాఫు అడుగున ఉండే నాయిస్ మట్టం మొత్తం పైకి లేస్తే అది సరఫరా తప్పు. ఇదే పరీక్షను వీడియో 25 మిల్లీవాట్ల మీద ఒకసారి, 200 మీద ఒకసారి చేయండి. పవరు పెంచినప్పుడే లేస్తే బూస్ట్ ఇండక్టరునూ 5 వోల్టుల కెపాసిటర్లనూ అనుమానించండి.

నాలుగు వోల్టేజీల దగ్గరా గ్రాఫు ఒకదాని మీద ఒకటి పడితే ఈ పాఠం పూర్తయినట్టు. ఆ నాలుగు లాగ్ ఫైళ్లు దాచండి. ఐదో పాఠంలో ఎఫ్‌ఈటీలు, బ్యాటరీ ప్యాడ్ కెపాసిటర్లు గీసి, 48 కిలోహెర్ట్జ్ పీడబ్ల్యూఎం (మోటారు పవరును వేగంగా ఆన్-ఆఫ్ చేసే పద్ధతి) మీద నాలుగు మోటార్లూ ఒకేసారి తిప్పి, ఆ లాగ్‌లను వీటితో పోలుస్తాం.