రీ-పెయిర్‌లో ఫైలు తగ్గకుండా పెరుగుతోందా? నా అనుభవం

రీ-పెయిర్ (లార్సన్, మోఫాట్, 1999) అంటే ఫైలులో పక్కపక్కన ఎక్కువసార్లు వచ్చే గుర్తుల జత బదులు ఒక కొత్త గుర్తు పెట్టి, ఆ మార్పును రూల్‌గా రాసుకుంటూ ఫైలును కుదించే పద్ధతి. నా కోడ్‌తో లాగ్ ఫైలును (ప్రోగ్రామ్ రాసుకునే చిట్టా) అలా కుదిస్తుంటే రూల్స్ పుట్టుకొస్తూనే ఉన్నాయి, సైజు మాత్రం పెరిగింది. జతల లెక్కలు దాచుకునే హీప్ మార్చాను, హాష్ టేబుల్ పెంచాను, బైట్లు వదిలి అక్షరాలతో చూశాను, లాభం లేదు.

అమీర్‌పేట హాస్టల్లో కరెంటు పోయిన రాత్రి, బ్యాటరీ 12 శాతం ఉండగా, ఫైలంతా పక్కనపెట్టి "-----" ఒక్కటే ఇచ్చాను. ఐదు గీతలు. నా కోడ్ "--" జతను నాలుగుసార్లు లెక్కపెట్టింది. ఒకదాని మీద ఒకటి పడకుండా మార్చగలిగేది రెండుసార్లే. మా లాగ్ నిండా ఇలాంటి గీతలే!

ముందు లెక్క సరిచేశాను: ఎడమ నుంచి వస్తూ, ఇప్పుడే లెక్కించిన జతలోని రెండో గుర్తుతో మొదలయ్యే అదే జతను వదిలేశాను. తర్వాత మార్పిడి. "కఖగఘ"లో "ఖగ" బదులు "ర" పెడితే "కఖ", "గఘ" లెక్కలు ఒక్కొక్కటి తగ్గాలి, "కర", "రఘ" పెరగాలి. నేను తగ్గించడం మరిచాను. ఒకే గుర్తు వరుసగా వచ్చే చోట్ల అంచుల్లో ఇంకా తేడా వస్తుంటే, ఆ వరుస వరకు మళ్లీ లెక్కించాను. చివరగా, ఒక్కసారే దొరికే జతకు రూల్ పెట్టడం ఆపాను, ఆ రూల్ రాయడానికే చోటు పోతుంది కాబట్టి.

ఫైలు తగ్గింది. ఒకే గుర్తు వరుసగా రాని ఫైలైతే మీ సమస్య వేరే కావచ్చు. ఇలాగే రూల్స్‌తో కుదించే మరో పద్ధతి సీక్విటర్‌లో నేను పరీక్షించలేదు. ఎలాగూ అతిచిన్న గ్రామర్ (రూల్స్ మొత్తం) కనుక్కోవడం ఎన్‌పీ-హార్డ్, అంటే దానికి వేగంగా పనిచేసే పద్ధతి ఏదీ తెలియదు, కాబట్టి ఇంతకన్నా తగ్గదని మాత్రం చెప్పలేను.