కొంప కొల్లేరు కాకుండా: ఫ్రటర్నిటీ హౌస్‌ను చలికాలానికి సిద్ధం చేయడం

అమెరికాలోని ఇల్లినాయ్, ఇండియానా క్యాంపస్‌లలో ఫ్రటర్నిటీ హౌస్, అంటే కాలేజీ కుర్రాళ్ల సంఘం కలిసి ఉండే ఇల్లు, చాలాచోట్ల ఎనభై, వందేళ్ల నాటి మూడంతస్తుల ఇటుక భవనం. ముప్ఫై నలభై మంది కుర్రాళ్లు, హోటల్ స్థాయి వంటగది, బేస్‌మెంట్‌లో ఇంటిని వేడిచేసే బాయిలర్. భవనం సాధారణంగా పాత సభ్యులు నడిపే హౌస్ కార్పొరేషన్ పేరు మీద ఉంటుంది. తాళాలు, రిపేర్లు మాత్రం ఇరవయ్యేళ్ల హౌస్ మేనేజర్ నెత్తిన పడతాయి. ఆ కుర్రాడు మన తెలుగువాళ్ల అబ్బాయే కావచ్చు. పైపుల్లో నీళ్లు గడ్డకట్టడం గుంటూరులోనో వరంగల్‌లోనో పెరిగిన అమ్మానాన్నలు నేర్పగలిగిన విద్య కాదు కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఇల్లు నిండుగా ఉన్నన్నాళ్లు పెద్ద భయం లేదు. కుళాయిలు తిరుగుతూనే ఉంటాయి, ఎక్కడ చుక్క కారినా ఎవడో ఒకడు కేకేస్తాడు. అసలు గండం డిసెంబరు మూడో వారంలో మొదలవుతుంది. పరీక్షలు అయిపోయి అందరూ వెళ్లిపోతారు, సుమారు నాలుగు వారాలు ఇంట్లో పురుగు ఉండదు. ఆ తాళం వేసే రోజు నుంచి వెనక్కి లెక్కేసుకుని పనులు పెట్టుకోవాలి. సెప్టెంబరులో బాయిలర్, అక్టోబరులో బయటి పనులు, నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులకి మూసివేత రిహార్సల్, డిసెంబరులో మూసివేత.

పైపు ఎందుకు పగులుతుంది

నీళ్లు గడ్డకడితే ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. అయితే పైపు సాధారణంగా గడ్డకట్టిన చోటే పగలదు. మంచు బిరడాలా పెరుగుతూ, తనకీ మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కుకున్న నీళ్లను నొక్కుతుంది. పోయే దారి లేక ఆ ఒత్తిడి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుస్తుంది. గట్టి చలి రాత్రి కుళాయిని సన్నటి ధారగా వదలమనేది ఇందుకే. కదిలే నీరు గడ్డకట్టదని కాదు, ఒత్తిడికి దారి దొరుకుతుందని. ఇంకో మోసం ఏమిటంటే, పగిలిన రోజు ఏమీ తెలియదు, మంచే ఆ చీలికను మూసి ఉంచుతుంది. ఎండ కాసి కరిగిన రోజున మొదలవుతుంది అసలు కథ. నిమిషానికి 15 లీటర్లు పోతుందనుకున్నా రోజుకి 21,600 లీటర్లు. అంటే హైదరాబాద్‌లో వేసవిలో తెప్పించుకునే పదివేల లీటర్ల ట్యాంకర్లు రెండు, మూడో అంతస్తు నుంచి కిందికి.

బయట 20 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 7 సెల్సియస్, దాటి పడిపోతుందంటే జాగ్రత్త పడాలి. తొడుగులేని పైపులకు అది ప్రమాద రేఖ. ముందు చూడాల్సినవి ఉత్తరం వైపు స్నానాల గదులు, బయటి గోడకు ఆనుకున్న వంటింటి సింకు, బేస్‌మెంట్‌లో పునాది గోడకీ మొదటి అంతస్తు దూలాలకీ మధ్య సందు. ఆ సందుల్లో రెండంగుళాల ఫోమ్ బోర్డు ముక్కలు కోసి బిగించి, అంచులు స్ప్రే ఫోమ్‌తో మూయాలి. పైపులకు సరైన వ్యాసం ఉన్న ఫోమ్ స్లీవ్ తొడగాలి, మూలల దగ్గర ఖాళీ వదలకూడదు. స్లీవ్ వేడి పుట్టించదు, ఉన్న వేడి పోవడాన్ని ఆలస్యం చేస్తుందంతే. గదిలో వేడి లేకపోతే ఎంత మందం తొడిగినా చివరికి గడ్డకడుతుంది.

చలి దేశాల గొడవే అనుకోవద్దు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్‌లో లెక్కలేనన్ని ఇళ్లలో పైపులు పగిలాయి. అక్కడ చాలా ఇళ్లలో నీళ్ల పైపులు ఆటిక్‌లోంచి, అంటే పైకప్పు కింది ఖాళీలోంచి, పోతాయి, పైగా కరెంటు పోయింది. డాలస్, ఆస్టిన్‌లలో ఉన్న మనవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

బయటి గోడ కుళాయిల సంగతి అక్టోబరులోనే చూడాలి. లోపలి వాల్వు మూసి, బయట కుళాయి తెరిచి, వాల్వుకు పక్కనున్న చిన్న మూత విప్పి మిగిలిన నీళ్లు వదిలేయాలి. గడ్డకట్టని రకం అని అమ్మే కుళాయి ఉంది కదా అని ధీమా వద్దు. దానికి గార్డెన్ హోస్ తగిలించి వదిలేస్తే నీళ్లు గొట్టంలోనే నిలిచి, గోడ లోపలే పగులుతుంది. వసంతంలో మొదటిసారి కుళాయి తిప్పినప్పుడు గానీ బయటపడదు.

బాయిలర్

సర్వీసు మనిషికి సెప్టెంబరులోనే ఫోన్ చేయండి. మొదటి చలి పడ్డాక ఊరంతా అతని కోసమే క్యూ కడుతుంది. ఈలోగా మీ ఇంట్లో ఉన్నది ఆవిరి వ్యవస్థా, వేడినీటి వ్యవస్థా తెలుసుకోండి. గదిని వేడిచేసే రేడియేటర్‌కు ఒకటే పైపు వస్తుంటే దాదాపుగా ఆవిరే. రెండు పైపులుంటే ఏదైనా కావచ్చు, అప్పుడు బాయిలర్ పక్కన చూడండి. నీటి మట్టం చూపించే నిలువు గాజు గొట్టం ఉంటే ఆవిరి.

వేడినీటి రకంలో పై అంతస్తు రేడియేటర్లు సగమే వేడెక్కుతాయి, పైన గాలి చేరడం వల్ల. పంపు ఆపి, కింది అంతస్తు నుంచి మొదలుపెట్టి, రేడియేటర్ తాళంచెవితో గాలి వదిలే బ్లీడ్ స్క్రూను పావు చుట్టు తిప్పండి. ముందు బుస్సుమంటుంది, తర్వాత చిమ్ముతూ నీళ్లు వస్తాయి. ధార నిలకడగా వచ్చాక మూసేయండి. కింద గుడ్డ, గిన్నె పెట్టుకోవాలి, వచ్చే నీళ్లు నల్లగా ఉండి కార్పెట్‌ను పాడుచేస్తాయి. గాలి వదిలితే ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి చివర్లో బాయిలర్ దగ్గర ఒత్తిడి చూపే గేజ్ చూడాలి. లెక్క సులువే. గేజ్ నుంచి అన్నిటికన్నా పైనున్న రేడియేటర్ వరకు ఎత్తును అడుగుల్లో కొలిచి 2.31తో భాగించి 4 కలపండి. 35 అడుగులైతే చల్లగా ఉన్నప్పుడు సుమారు 19 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి కావాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే 12 పీఎస్ఐ సెట్టింగు రెండంతస్తుల ఇళ్లకు సరిపోతుంది గానీ మూడో అంతస్తుకు చాలదు. "పైన వేడి రావట్లేదు" అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇదే. వేడెక్కాక సూది 30కి దగ్గరవుతుంటే మాత్రం, వేడికి పెరిగిన నీళ్లకు చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు పోయినట్టు అనుమానించాలి, 30 దగ్గర రిలీఫ్ వాల్వు నీళ్లు కక్కేస్తుంది.

ఆవిరి రకంలో బ్లీడ్ చేసేదేమీ లేదు. ఒక పైపు రేడియేటర్ వాల్వు పూర్తిగా తెరిచైనా ఉండాలి, పూర్తిగా మూసైనా ఉండాలి. గది ఉడికిపోతోందని సగం మూస్తే, చల్లబడ్డ నీళ్లు వెనక్కి పోలేక ఆవిరికి అడ్డం పడి, అర్ధరాత్రి ఎవరో సమ్మెటతో కొట్టినట్టు చప్పుడు. రేడియేటర్ వాల్వు వైపుకి కాస్త వాలి ఉందో లేదో స్పిరిట్ లెవల్ పెట్టి చూడండి, లేకపోతే అవతలి కాళ్ల కింద చెక్కముక్క పెట్టాలి. నీళ్లు తగ్గితే బర్నర్‌ను ఆపేసే లో-వాటర్ కటాఫ్ తేలే బంతి రకమైతే వారానికోసారి, బర్నర్ వెలుగుతుండగా, దాని కింది వాల్వు తెరిచి బురద నీళ్లు తేటపడేదాకా బకెట్లోకి వదలాలి. అప్పుడు బర్నర్ దానంతటదే ఆరిపోవాలి. ఆరకపోతే బాయిలర్ అక్కడికక్కడే ఆపేసి మెకానిక్‌ను పిలవాలి. నీళ్లు లేని బాయిలర్ మండుతూ ఉండటం ఆషామాషీ వ్యవహారం కాదు.

కొత్త కండెన్సింగ్ బాయిలర్లకు పొగ గొట్టం పక్క గోడలోంచి తెల్లటి ప్లాస్టిక్ పైపుగా బయటికి వస్తుంది. మంచు పేరుకుని అది మూసుకుపోతే బాయిలర్ ఆగిపోవచ్చు, లేదా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి రావచ్చు. మంచు కురిసిన ప్రతిసారీ ఆ గొట్టాల చుట్టూ పారతో తీయడం ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. అందరి పనీ అంటే ఎవడి పనీ కాదు. పదేళ్లు దాటిన పొగ అలారాలను, వెనక రాసిన గడువు దాటిన మోనాక్సైడ్ అలారాలను ఈ దఫాలోనే మార్చేయండి.

కోల్డ్ డార్మ్, స్ప్రింక్లర్లు

ఈ ఇళ్లకు ప్రత్యేకమైన తలనొప్పి కోల్డ్ డార్మ్. పై అంతస్తులో వరసగా బంకు మంచాలు వేసిన పెద్ద పడక గది అది. జనవరిలో కూడా కిటికీలు తెరిచి, దుప్పట్ల దొంతర కింద పడుకోవడం అక్కడి సంప్రదాయం. మనుషులున్నప్పుడు వాళ్ల ఇష్టం. సెలవులకు వెళ్లేటప్పుడు ఆ కిటికీ నాలుగంగుళాలు తెరిచి వదిలేస్తే మాత్రం, థర్మోస్టాట్ కింద హాల్లో ఎంత చూపించినా ఆ గదిలో మంచే. గది దాటి పోయే ప్రతి పైపూ ప్రమాదంలో ఉన్నట్టే. ఆ కిటికీలను హౌస్ మేనేజర్ స్వయంగా చేత్తో నెట్టి, గొళ్లెం పెట్టి చూడాలి.

మంటలార్పే స్ప్రింక్లర్లకు నీళ్లు నిండి ఉండే పైపులున్న చోట 40 ఫారెన్‌హీట్, 4 సెల్సియస్, కన్నా తగ్గకూడదన్నది అమెరికా అగ్ని భద్రతా ప్రమాణం. ఆటిక్ వంటి వేడిలేని చోట్ల డ్రై సిస్టమ్ ఉంటుంది. పైపుల్లో నీళ్లకు బదులు ఒత్తిడితో గాలి. ఆ గాలిలోని తేమ పల్లానికి చేరి నీరవుతుంది కనుక పల్లం చోట డ్రమ్ డ్రిప్ పెడతారు, అంటే రెండు వాల్వుల మధ్య చిన్న గొట్టం. మామూలుగా పై వాల్వు తెరిచి, కిందిది మూసి ఉంటుంది. ఖాళీ చేసేటప్పుడు ముందు పైది పూర్తిగా మూయాలి. ఆ తర్వాతే కింది ప్లగ్గు తీసి, కింది వాల్వు తెరిచి నీళ్లు వదలాలి. కిందిది మూసి, పైది నెమ్మదిగా తెరిచి కాసేపు ఆగి, మళ్లీ అదే వరస, చుక్క రాని దాకా. చివరికి ప్లగ్గు బిగించి పై వాల్వు తెరిచి ఉంచాలి. పొరపాటున రెండూ ఒకేసారి తెరిచారా, గాలి ఒత్తిడి పడిపోతుంది, స్ప్రింక్లర్ పగిలిందనుకుని ప్రధాన వాల్వు తెరుచుకుంటుంది, పైపుల నిండా నీళ్లు, వాకిట్లో ఫైరింజన్. మొదటి ఏడు కాంట్రాక్టర్ చేస్తుంటే పక్కన నిలబడి చూడండి. పని మొదలెట్టే ముందు అలారం కంపెనీకి ఫోన్ చేసి చెప్పడం మరవొద్దు.

గాలి, పైకప్పు

గాలి ఎక్కడ దూరుతోందో తెలియడానికి అగరొత్తిని మించిన పరికరం లేదు. గాలి వీచే రోజున వెలిగించి కిటికీ చట్రం చుట్టూ, స్విచ్ బోర్డుల దగ్గర, తలుపు కింద తిప్పండి, పొగ వంగిన చోట రంధ్రం ఉంది. పాత చెక్క కిటికీలకు తాడులా ఉండే రోప్ కాక్ వేలితో నొక్కితే చాలు, వసంతంలో ఒలిచేయొచ్చు. తలుపు కింద స్వీప్, అంటే సందు మూసే రబ్బరు పట్టీ, బిగించండి. వంటగది తలుపే అన్నిటికన్నా అధ్వానం, రోజంతా సరుకు పెట్టెలు తగిలి అడుగు రబ్బరు అరిగిపోయి ఉంటుంది.

చూరు నుంచి బారెడు మంచు ఊచలు వేలాడుతుంటే ఫొటోలు తీసుకోవడం కాదు, ఆటిక్ ఎక్కి చూడాలి. ఇంటి వేడి పైకి పోయి పైకప్పు మీది మంచును కరిగిస్తుంది, ఆ నీళ్లు చల్లటి చూరు దగ్గర మళ్లీ గడ్డకట్టి ఆనకట్ట కడతాయి, వెనక నిలిచిన నీరు షింగిల్స్, అంటే పైకప్పు పలకల, కిందికి పాకి సీలింగులోకి దిగుతుంది. అసలు మందు గాలి రంధ్రాలు మూయడం, ఆ తర్వాతే ఇన్సులేషన్. వేడిని ఆపే శక్తిని ఆర్ అంకెతో కొలుస్తారు. సెల్యులోజ్ అనే పీచు ఇన్సులేషన్ అంగుళానికి సుమారు ఆర్ 3.5 ఇస్తుంది కాబట్టి ఆర్ 49 కావాలంటే 14 అంగుళాలు పరవాలి. స్నానాల గది ఫ్యాను గొట్టం ఆటిక్‌లోకే వదిలేసి ఉంటే దాన్ని బయటికి తీయించండి. ఇప్పటికే ఆనకట్ట కట్టేసి ఉంటే పాత మేజోడులో క్యాల్షియం క్లోరైడ్ నింపి ఆనకట్టకు అడ్డంగా పెడితే నీళ్లకు కాలువ పడుతుంది. గొడ్డలితో కొట్టడం, నిచ్చెనెక్కి ఉప్పు చల్లడం వద్దు.

గది చల్లగా ఉందని హీటర్లు తెచ్చుకుంటారు. 1,500 వాట్ల హీటర్ 120 వోల్టుల మీద 12.5 ఆంపియర్లు లాగుతుంది, 15 ఆంపియర్ల లైను మీద రెండోది పెట్టే సందు లేదు. ఎక్స్‌టెన్షన్ త్రాడుకి తగిలిస్తే ప్లగ్గు కరగొచ్చు. నిషేధించడమే మేలు, కానీ ముందు రేడియేటర్ సరిచేశాకే నిషేధించాలి.

తాళం వేసే రోజు

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో ఇదంతా ఓసారి చేసి చూడండి, నాలుగు రోజుల్లో బయటపడే తప్పులు నాలుగు వారాల్లో బయటపడేవాటి కన్నా చవక.

థర్మోస్టాట్ 55 ఫారెన్‌హీట్, అంటే 13 సెల్సియస్, కన్నా తగ్గించొద్దు. పాత ఇంటికైతే 60 పెట్టడమే నయం, ఎందుకంటే ఆ అంకె హాలు గోడది, ఉత్తరపు బాత్రూమ్ మూలది కాదు. బ్యాటరీ రకమైతే కొత్త బ్యాటరీలు వేయండి. అన్నిటికన్నా చల్లని మూలలో ఫోన్‌కి కబురు పంపే సెన్సర్ పెట్టండి. ఇక్కడ తరచూ జరిగే తప్పు, కరెంటు ఆదా అని ఎవరో రౌటర్ ప్లగ్గు పీకేసి పోవడం. రౌటర్ మీద ఎర్ర టేపు వేసి "తీయొద్దు" అని రాయండి.

పై అంతస్తు నుంచి కిందికి, ఇద్దరు కలిసి, ప్రతి గదీ తిరగాలి. రేడియేటర్ వాల్వు తెరిచి ఉందా, మంచం దానికి అడ్డుగా ఉందా, సింకు కింద అలమర తలుపులు తెరిచారా. ఇంట్లో వాడుక నీటి ప్రధాన వాల్వు మూసి, పైనా కిందా చెరో కుళాయి తెరిచి నీళ్లు దించేస్తే సగం బెంగ తీరుతుంది. ఆ పని చేసే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. బాయిలర్‌కి నీళ్లు ఆ లైన్ నుంచే వస్తున్నాయా అని మెకానిక్‌ని అడగాలి. ఇక గొలుసు వేసి ఉన్న ఎర్ర వాల్వు ఫైర్ లైనుది, దాన్ని ముట్టుకోకూడదు.

వంటగదిలో మురుగు నీళ్ల కొవ్వును పట్టే గ్రీజ్ ట్రాప్‌లో కొవ్వు, మడ్డి కలిపి లోతులో పావు వంతు దాటితే సెలవులకు ముందే తీయించాలి, లేకపోతే జనవరిలో ఇల్లంతా కంపు. బేస్‌మెంట్ నేల జాలీల్లో ఓ లీటరు నీళ్లు, మీద చెంచాడు వంట నూనె పోయండి, నూనె పొర వల్ల నీళ్లు ఆవిరికాక మురుగు వాయువు రాదు. ఖాళీ చేసిన ఫ్రిజ్ తలుపు కాస్త తెరిచి ఉంచండి.

చాలా బీమా పాలసీల్లో వేడి ఉంచాలి, లేదా నీళ్లు దించేయాలి అన్న షరతు ఉంటుంది. అందుకని రెండ్రోజులకోసారి ఎవరైనా లోపలికొచ్చి అన్ని అంతస్తులూ తిరిగి, తేదీ, ఉష్ణోగ్రత రాసి, గేజ్ ఫొటో తీయాలి. ఊళ్లోనే ఉండే పాత సభ్యులెవరైనా దొరికితే సరే, లేకపోతే డబ్బులిచ్చైనా పెట్టుకోవాలి.

కుళాయి తిప్పితే నీళ్లు రావట్లేదంటే గడ్డకట్టినట్టే. కుళాయి తెరిచే ఉంచి, హెయిర్ డ్రయర్‌తో కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి లోపలికి పోవాలి, కరిగిన నీళ్లకు బయటికి దారి ఉండాలి కదా. మంట చూపించొద్దు, పాత గోడల్లో చెక్క ఎండి ఉంటుంది. పగిలి కారుతుంటే ముందు ప్రధాన వాల్వు, ఆ తర్వాత ఆ వైపు కరెంటు బ్రేకర్లు, అదీ కాళ్ల కింద నీళ్లు లేకపోతేనే. ఆ వాల్వు ఎక్కడుందో ఒక్క మేనేజర్‌కే తెలిస్తే లాభం లేదు, దానికో పెద్ద పసుపు చీటీ కట్టి, బేస్‌మెంట్ తలుపు లోపలి వైపు పటం గీసి అంటించండి.

జనవరిలో ఇల్లు తెరవడానికి అందరికన్నా రెండ్రోజులు ముందు వెళ్లండి. ప్రధాన వాల్వు ఒక్కసారిగా తిప్పకుండా కొంచెం కొంచెంగా తెరుస్తూ, ప్రతి అంతస్తులోనూ ఒకరు నిలబడి చెవి ఒగ్గి వినాలి. ఆ తర్వాత ప్రతి కుళాయి, ప్రతి షవర్ చల్లనివీ వేడివీ కొన్ని నిమిషాలు వదలండి, నాలుగు వారాలు నిలవున్న నీళ్లు తాగడానికి పనికిరావు.