మీ ఆటలోకంలో మంత్రగాళ్లు ఎంతమంది? తలలెక్క కట్టే పద్ధతి

"ఈ లోకంలో మంత్రగాళ్లు అరుదు" అని, పాత్రలు ధరించి పాచికలతో ఆడే ఆటలో కథ నడిపే డంజియన్ మాస్టర్ చెప్పినంత మాత్రాన ఆటగాళ్లకు పని జరగదు. ఊళ్లో విజార్డ్ (చదివి మంత్రం నేర్చినవాడు) ఉన్నాడా, ఏ లెవెల్ (శక్తి మెట్టు), స్పెల్‌కి (ఒక్కో మంత్రానికి) ఎంత తీసుకుంటాడు అన్నవే వాళ్లకు కావాలి. అంటే తలలెక్క ఉండాలి. అలాంటి ఆటైన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 3.5 ఎడిషన్ (2003) నియమాల్లో అందుకు చక్కటి పద్ధతి ఉంది. ఐదో ఎడిషన్ ఆడేవాళ్లూ తలలెక్క వరకు దీన్నే వాడుకోవచ్చు.

ముందు ఊరి జనాభా తేల్చుకోండి. పాచికకు కలిపే అంకె దాన్నిబట్టే ఉంటుంది. 20–80 మంది ఉన్న గూడేనికి −3, 400 దాకా −2, 900 దాకా −1, 2,000 దాకా 0, 5,000 దాకా +3, 12,000 దాకా +6, 25,000 దాకా +9, ఆపైన +12. చివరి మూడూ నగరాలు. వాటిలో ఒక్కో క్లాసుకూ (విజార్డ్ లాంటి పాత్ర రకానికి) వరసగా 2, 3, 4 సార్లు పాచిక వేయాలి.

విజార్డ్‌కూ సోర్సరర్‌కూ (పుట్టుకతోనే మంత్రం వచ్చినవాడు) నాలుగు ముఖాల పాచిక. క్లెరిక్ (దేవుడి శక్తితో మంత్రం వేసే పూజారి), డ్రూయిడ్ (ప్రకృతి మంత్రగాడు), బార్డ్ (పాటతో మంత్రం వేసేవాడు), అడెప్ట్ (చిన్నపాటి మంత్రాల ఊరివాడు), వీళ్లకు ఆరు ముఖాలది. పడిన అంకెకు ఊరి అంకె కలిపితే ఆ క్లాసులో అందరికన్నా పైనున్న వ్యక్తి లెవెల్ వస్తుంది. సున్నా గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే ఆ క్లాసువాళ్లు ఊళ్లో లేనట్టే. గూడెంలో విజార్డ్ ఉండాలంటే 4 పడి తీరాలి.

ఇక కింది వాళ్లు. సగం లెవెల్‌లో ఇద్దరు, అందులో సగం లెవెల్‌లో నలుగురు, ఇలా 1వ లెవెల్ దాకా దిగాలి. 4,000 జనాభా ఉన్న పట్నంలో విజార్డ్‌కు 3 పడిందనుకోండి: 6వ లెవెల్ ఒకరు, 3వ లెవెల్ ఇద్దరు, 1వ లెవెల్ నలుగురు. మొత్తం ఏడుగురు. క్లెరిక్‌కూ 3 పడితే వాళ్లూ ఏడుగురే. మిగతా జనంలో అర శాతం అడెప్ట్‌లు, దాదాపు 20 మంది.

అసలు పని ఇక్కడే మొదలవుతుంది, చాలామంది వదిలేసేది కూడా ఇదే. ఈ లెక్క జనం బతుకులో ఎలా కనిపిస్తుందో చూడాలి. స్పెల్ ధర = వేసేవారి లెవెల్ × స్పెల్ లెవెల్ (మంత్రానికి విడిగా ఉండే మెట్టు) × 10 బంగారు నాణేలు. రోగం పోగొట్టే 3వ లెవెల్ స్పెల్‌కు 6వ లెవెల్ క్లెరిక్ 180 బంగారు నాణేలు తీసుకుంటాడు. కూలివాడికి రోజుకు ఒక వెండి నాణెం, బంగారు నాణేనికి పది వెండివి. అంటే 1,800 రోజుల కూలి, దాదాపు ఐదేళ్లు! పైగా ఆ పట్నంలో ఆ స్పెల్ వేయగల క్లెరిక్ ఆయనొక్కడే. విజ్‌డమ్ (క్లెరిక్ మంత్రబలం ఆధారపడే వివేకం అంకె) 16 ఉన్నా రోజుకు ముగ్గురికి వేయగలడు. 300 మందికి రోగం సోకితే వంద రోజులు పడుతుంది. గుడి ఉన్న పట్నంలోనూ మహమ్మారికి జనం ఎందుకు వణికిపోతారో ఇప్పుడు ఆటగాళ్లకు చెప్పగలరు.

చచ్చినవాణ్ని లేపే స్పెల్‌కు 9వ లెవెల్ క్లెరిక్ కావాలి. ఈ పట్నంలో అలాంటివాడు ఉండాలంటే పాచిక 6 పడాలి, ఆపైన 5,000 బంగారు నాణేల వజ్రం ఉండాలి.

మంత్రం తగ్గించాలంటే ఊరి అంకెలోంచి మరో 2 తీసేయండి, చాలు. పెంచాలంటే పైలెవెల్ వాళ్లను ముట్టుకోకండి. ఇదే ఆటకోసం వచ్చిన ఎబెరాన్ లోకం (2004) పట్టుకున్న దారి మంచిది: చిన్న మంత్రం వీధివీధినా, పెద్ద మంత్రం అరుదుగా. అడెప్ట్‌లను 2 శాతం చేస్తే ఆ పట్నంలో 80 మంది అవుతారు. ఒక్కొక్కరూ రోజుకు ఒక గాయం మాన్పినా ఊళ్లో కత్తిపోటుకు విలువ పోతుంది. వాళ్ల స్పెళ్లన్నీ ఎవరికి ఖర్చవుతున్నాయో, సైన్యానికా, గనులకా, ముందే రాసిపెట్టుకోండి.

ఎక్కువగా జరిగే పొరపాటు శత్రువుల దగ్గర. ఊళ్లో ఏడుగురే విజార్డ్‌లని చెప్పి, ప్రతి దొంగలముఠాలో ఒకణ్ని పెడితే లెక్క చెడుతుంది. ఆ ఏడుగురినీ ఒక కాగితం మీద రాసి, ముఠా మంత్రగాణ్ని అందులోంచే తీయండి. వాడు చస్తే పేరు కొట్టేయండి.